మెదడు చిత్రములు - కొలతల నిలుకడ

ఒక బస్తా జొన్నలను ఒకే కుంచముతో రెండుమారులు కొలిచి చూడుడు. మొదట అంచుకు సమముగాను, పిమ్మట పైకి కుప్పవోసియు కొలిచినచో లెక్క కలియదు. జొన్నలు తరుగలేదు, కొలుచు తీరు మారినది. మెదడును చిత్రించు ఎం.ఆర్.ఐ. యంత్రముల యందును ఇట్టి చిక్కే కలదు.

మన దేహమునందలి నీటిలో ఉదజని యున్నది. దాని పరమాణు కేంద్రములు బలమైన అయస్కాంతములో ఒక దిక్కునకు మొగ్గును. రేడియో తరంగములచే వానిని కదలించి విడిచినపుడు, అవి పూర్వస్థితికి మరలుచు సన్నని సంకేతము నిచ్చును. ఆ సంకేతముల నుండి చిత్రమును రచించు మార్గమును పాల్ లాటర్‌బర్ 1973లో ప్రకటించెను. ఆయనకును పీటర్ మాన్స్‌ఫీల్డునకును 2003లో నోబెల్ బహుమానము లభించినది. తరంగము నెప్పుడు పంపవలెను, సంకేతము నెప్పుడు గ్రహింపవలెను అను క్రమమునకే సీక్వెన్సు అని పేరు.

టి-1 క్రమమున మెదడు చుట్టునున్న ద్రవము నల్లగను, టి-2లో తెల్లగను కానవచ్చును. ఫ్లెయిర్ అనునది ఆ తెలుపు నణచి, ప్రక్కన దాగిన మచ్చను బయటపెట్టును. డిఫ్యూషన్ నీటి అణువుల కదలికను చూపును; పక్షవాతము వచ్చిన కొలది గంటలలోనే దెబ్బతిన్న చోటు దీనివలన తెలియును.

వీనిలో నమ్మదగిన దేది? దేనికొరకు నమ్మవలెనో ముందు చెప్పవలెను. భాగముల పరిమాణము కొలుచుటకు, బేతంచెర్ల బండలవలె పలకలు పలకలుగా, ఒక్కొక్కటి మిల్లీమీటరు మందమున, తీయు టి-1 మేలు. ఒకే మనిషిని మరల చిత్రించినను లెక్క ఇంచుమించు కలియును. డిఫ్యూషనునకు వాడుకగానున్న అతివేగపు పద్ధతిలోనో, ముక్కు వెనుకటి గాలిగదుల చెంతను, చెవుల చెంతను చిత్రము వంకరపోవును. అయితే సొట్టపడిన కుంచము కూడ ప్రతిమారు ఒకే లెక్క చూపునని మరువరాదు. నిలుకడ వేరు, నిజము వేరు.

ఇది పండితుల తగవు మాత్రము కాదు. అల్జీమర్ వ్యాధిలో, జ్ఞాపకమునకు ఆధారమైన హిప్పోకాంపస్ అను భాగము ఏటికి సుమారు నూటికి 4, 5 పాళ్లు కృశించును. ఆరోగ్యముగల వృద్ధులలో 1, 2 పాళ్లే. కొలతలోనే 3 పాళ్లు తేడా వచ్చినచో వైద్యుడు ఏమని చెప్పగలడు? మన అవుకు అవ్వ నొకతెను నిరుడు కర్నూలులోను, ఈ యేడు హైదరాబాదులోను చిత్రింపించినచో, కృశించినది మెదడో, మారినది యంత్రమో తేల్చుట కష్టము. నడుమ ఆమె తల కదలించెనా, చిక్కు ఇంకను పెరుగును.

హైదరాబాదులోని ఐ.ఐ.ఐ.టి. పరిశోధకులు భారతీయుల మెదడునకు ఒక ప్రమాణపటము నిర్మింపబూనినపుడు ఈ సంగతి నెరిగియే, ముందుగా మూడు ఆసుపత్రుల యంత్రములపై తీసిన చిత్రములతో 50 మందిని పరీక్షించిరి. తరువాతనే 100 మంది యువతీయువకుల చిత్రములతో పటమును సిద్ధపరచి 2019లో వెలువరించిరి. పాశ్చాత్యుల, చీనీయుల, కొరియావారి పటములతో పోల్చగా మన మెదడు సగటున ఎత్తునను వెడల్పునను కొంత చిన్నదని తేలినది. ఈ మాట వినగానే మా పిల్లలు ఒకరి నొకరు చూచుకొని నవ్విరి. పరిమాణమునకును తెలివికిని లంకె పెట్టవలదని వారికి చెప్పవలసి వచ్చినది.