నడివేసవిలో పెరటి తోట – ఎరువు గుంట

రోహిణీ కార్తెలో రోళ్ళు పగులునని పెద్దలు చెప్పుదురు. మే నెలాఖరున ప్రవేశించు ఆ కార్తెలో మా కర్నూలు పట్టణమున పగటి వేడి 40 డిగ్రీలు దాటుట సాధారణము. కుళాయి నీరు ఇంటి అవసరములకే చాలనప్పుడు పెరటి మొక్కలకు ఎక్కడినుండి తెచ్చెదమని గృహిణులు విసుగుకొనుట న్యాయమే. అట్టి దినములలో కంపోస్టు ఎరువును గూర్చి వ్రాయుట కొందరికి అకాల ప్రసంగముగా తోచవచ్చును. కాని వేసవిలో ఈ ఎరువు మొక్కకు బలమిచ్చుటకన్న నేలలో తేమను పట్టియుంచుటయందే ఎక్కువ అక్కరకు వచ్చును. బాగుగా చివికిన ఆకుమట్టి నీటిని పీల్చుకొని, వేళ్ళకు కొంచెము కొంచెముగా విడుచును.

చెత్త తనంతట ఎరువు కాదు. సూక్ష్మజీవులు, శిలీంధ్రములు దానిని తిని జీర్ణింపజేయవలెను. వానికి శక్తినిచ్చునది కర్బనము. శరీరమును పెంచునది నత్రజని. కర్బనము 30 పాళ్ళు, నత్రజని 1 పాలు ఉన్నప్పుడు అవి చురుకుగా పనిచేయును. ఎండుటాకులలో, గడ్డిలో కర్బనము హెచ్చు. కూరగాయల తొక్కలలో, పచ్చి ఆకులలో, పేడలో నత్రజని హెచ్చు. తూకము వేయనక్కరలేదు. రెండు మూడు గంపల ఎండుటాకులకు ఒక గంప పచ్చి చెత్త సరిపోవును.

ఈ విద్యను శాస్త్రీయముగా సమకూర్చినవారిలో ముఖ్యుడు ఆల్బర్ట్ హోవర్డ్. 1905లో ఆంగ్లేయ ప్రభుత్వపు వృక్షశాస్త్రజ్ఞుడుగా మన దేశమునకు వచ్చిన ఆయన మన రైతులనే గురువులుగా భావించెను. ఇండోరులో తాను చేసిన కృషిని యశ్వంత్ వాడ్‌తో కలిసి 1931లో గ్రంథముగా ప్రకటించెను. ఇండోరు పద్ధతిలో చెత్తను, పేడను పొరలుగా పేర్చి, నీరు చల్లుచు, మూడు పర్యాయములు తిరుగవేయుదురు. గాలి బాగుగా తగులుటచే సుమారు మూడు నెలలలో ఎరువు సిద్ధమగును.

ఒక వేసవిలో మేము ఈ పద్ధతినే అనుసరించితిమి. పుస్తకమునందలి ప్రతి సూచనను పాటించితిమి గాని మా ఊరి ఎండను లెక్కలో వేసుకొనలేదు. కుప్పను తిరుగవేసిన ప్రతిసారి లోపలి తేమ వడగాలికి ఆవిరియై పోయెను. కుప్పలో సుమారు సగము పాలు తేమ లేనిదే సూక్ష్మజీవులు చక్కగా పనిచేయవు. నెల గడచినను వేపాకు వేపాకుగనే ఉండెను. ఓపిక నశించి ఆ చివకని చెత్తనే వంగమడిలో కలిపితిమి. కొద్ది దినములలోనే మొక్కల ఆకులు పసుపు వన్నెకు తిరిగెను. కారణము తరువాత తెలిసినది. ఎండుటాకులను తినుచున్న సూక్ష్మజీవులు తమకు చాలని నత్రజనిని చుట్టుపట్ల నేలనుండి లాగుకొనును. ఎరువు వేసి మొక్కను పస్తుంచితిమన్నమాట!

మన ఎండలకు తగినది బెంగుళూరు పద్ధతి. దీనిని సి. ఎన్. ఆచార్య 1939 ప్రాంతమున రూపొందించెను. మూడడుగుల పొడవు, వెడల్పు, లోతు గల గుంటను నీడపట్టున, వాననీరు చేరని మెరక తావున త్రవ్వవలెను. ఆరంగుళముల ఎండుటాకులు, రెండంగుళముల పచ్చి చెత్త, పైన పేడనీరు – ఈ వరుసన పేర్చుచు పోవలెను. పిడికిట పట్టి పిండినచో వ్రేళ్ళ సందున ఒకటి రెండు చుక్కలు మెరయవలెను. ధార కారినచో నీరు ఎక్కువైనట్లు. గుంట నిండి నేలమట్టమునకు పైన అడుగెత్తు లేచిన పిమ్మట బంకమట్టిలో పేడ కలిపి అంగుళము మందమున అలుకవలెను. ఆ తరువాత తిరుగవేయుట లేదు, నీరు పోయుట లేదు. తొలి వారము పదిదినములు లోపల వేడెక్కి, పిదప గాలి అందక నెమ్మదిగా చివుకును. మట్టి పూత తేమను బంధించును, ఈగలను రానీయదు. ఆలస్యమే దీని లోపము: ఆరు మొదలు ఎనిమిది నెలలు పట్టును. పూత బీటలు వారినచో వెంటనే మరల అలుకవలెను. మేము ఒకసారి అశ్రద్ధ చేసి పందికొక్కులకు విందు చేసితిమి. గుంటలో ఎముకలు, మాంసపు ముక్కలు, నూనె కూరలు వేయరాదు. బక్రీదుకు ముందు ఇండ్లలో కట్టిన మేకల పెంటికలు మాత్రము శ్రేష్ఠమైన సరకు. వానిని మురుగుకాలువలోనికి ఊడ్చివేయుట చూచినప్పుడెల్ల మా ప్రాణము చివుక్కుమనును. ఎరువు పక్వమైనప్పుడు ఏ ఆకు ఏదో గుర్తించలేము. తొలకరి నేల వాసన వచ్చును.

గుంట పండువరకు ఉన్న మొక్కలను కాపాడుకొనవలెను గదా! నీరు తెల్లవారుజామున గాని సూర్యాస్తమయమైన పిదప గాని పోయవలెను. పాదులపై రెండు మూడంగుళముల మందమున ఎండుటాకులు పరచవలెను. వీనిని మట్టిలో కలుపక పైననే ఉంచినచో మొక్కకు హాని లేదు. ఎండ నేలకు తగులదు. సొర, కాకర పాదులచెంత పూత వేయని మట్టికుండను మెడవరకు పాతి, నీరు నింపి, మూకుడు మూసినచో గోడలనుండి తేమ ఊరుచు వేళ్ళకు చేరును. మూత లేనిచో దోమలు పెరుగును. మా ఇంట ఇంకొక ఏర్పాటు కలదు. వజూ చేయు గట్టునుండి చిన్న కాలువ తీసి పుదీనా మడికి, గోరింట చెట్టుకు మళ్ళించితిమి. మనిషికి పూటకు లీటరున్నర చొప్పున, ఐదుగురు ఐదు పూటలు వజూ చేసినచో దినమునకు 37 లీటర్లకు పైబడును. సబ్బు కలియని నీరు కనుక మొక్కలకు నిరపాయము. మొక్క నాటినవాని ఫలమును మనిషి గాని పక్షి గాని పశువు గాని తినినచో అది అతనికి దానముగా వ్రాయబడునని హదీసు బోధించుచున్నది. గోరింటకన్న పుదీనాకు వాటా ఎక్కువ కావలెనని ఇంట తగవు వచ్చుట వేరు సంగతి.

మన కళాశాల ఆవరణలో వేప, కానుగ చెట్లు రాల్చిన ఆకును ఊడ్చి, గోడ ప్రక్కన తగులబెట్టుచున్నారు. ఆ పొగ తరగతి గదులలోనికి వచ్చుట విద్యార్థులెల్లరు ఎరిగినదే. అదే ఆవరణలో ప్రతి వేసవి పూలమొక్కలు నీరు లేక ఎండుచున్నవి. వసతిగృహము వెనుక ఖాళీ స్థలమున పది అడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు గల గుంటలు రెండు చాలును. ఒకటి నిండి చివుకుచుండగా రెండవది నింపవచ్చును. వంటశాల తొక్కలు దగ్గరనే దొరకును. కార్యవర్గము వారు స్థలమును గీత గీసి చూపినచో చాలును. కూలి ఖర్చు అక్కరలేదు. పారలు, గంపలు మా ఇంటినుండి తెచ్చెదము.