రెండు గాలుల మధ్య జుట్టు

కువైట్‌లో జెల్, స్ప్రే ఎందుకు నిలవవు? సీసా వెనక చిన్న అక్షరాల్లో ఏముంది?

కువైట్‌లో ఉంటున్న వాళ్లకు రెండు గాలుల సంగతి బాగా తెలుసు. జూన్, జులైల్లో వాయవ్యం నుంచి దుమ్ము మోసుకొచ్చే షమాల్ ఒకటి. ఒంట్లో తడినంతా పీల్చేస్తుంది. ఎండాకాలం చివర్లో సముద్రం మీదుగా ఆగ్నేయం నుంచి వచ్చే కౌస్ రెండోది. అది వీచే రోజుల్లో ఏసీ గదిలోంచి బయటికి రాగానే కళ్లద్దాలు మసకబారతాయి, చొక్కా వీపుకు అంటుకుంటుంది. మనుషులం ఎలాగో సర్దుకుంటాం. తలకు పెట్టిన జెల్ మాత్రం సర్దుకోదు. షమాల్‌లో తెల్లగా పొట్టులా రాలుతుంది. కౌస్‌లో మెత్తబడి జారిపోతుంది.

నేను అనంతపురంలో పాలిమర్ సైన్స్ చదివి, ఇప్పుడు ఫర్వానియాలో సౌందర్య సాధనాల టోకు దుకాణంలో సరుకు చూసుకుంటున్నాను. ఖైతాన్, జలీబ్ నుంచి కూడా మనవాళ్లు వస్తుంటారు. సెలూన్లలో పనిచేసే కడప, రాయచోటి తమ్ముళ్లు, బ్యూటీ పార్లర్లలో ఉండే గోదావరి జిల్లాల అక్కచెల్లెళ్లు, హెల్మెట్ తీయగానే జుట్టు నిలబడాలనుకునే డెలివరీ కుర్రాళ్లు. ఎక్కువమంది అడిగేది ఒకటే. "అన్నా, ఈ జెల్ పెడితే చుండ్రు వస్తాందన్నా, వేరేది ఏమన్నా ఉందా?"

చాలాసార్లు అది చుండ్రు కాదు. ఎండిపోయి పగిలిన పాలిమర్ పొర. ఆ పొర కథ తెలిస్తే డబ్బూ ఆదా అవుతుంది, కొన్ని సందర్భాల్లో ఆరోగ్యమూ దక్కుతుంది.

వెంట్రుకే ఓ పాలిమర్

చిన్న చిన్న అణువులు పూసల్లా ఒకదాని వెనక ఒకటి చేరి పొడవాటి గొలుసుగా మారితే దాన్ని పాలిమర్ అంటాం. ప్లాస్టిక్ బకెట్ అలాంటిదే, నూలు దారం అలాంటిదే. మన వెంట్రుక కూడా కెరాటిన్ అనే ప్రొటీన్ గొలుసులతో అల్లిన తాడే. ఆ గొలుసుల మధ్య రెండు ముఖ్యమైన ముడులుంటాయి. గంధకంతో పడిన ముడి గట్టిది, నీళ్లకు విడిపోదు. హైడ్రోజన్ బంధం బలహీనమైంది, తడి తగిలితే ఊడిపోయి ఆరగానే మళ్లీ పడుతుంది. తలస్నానం చేశాక జుట్టును ఎటు దువ్వి ఆరబెడితే అటే నిలవడం ఈ రెండో ముడి పనే. గాలిలో తేమ పెరిగితే ఆ ముడి మళ్లీ వదులై, దువ్విన వరస చెదిరిపోతుంది.

వెంట్రుక తన బరువులో 30 శాతం దాకా నీటిని పట్టుకోగలదు. అప్పుడు పొడవు సుమారు 2 శాతం సాగుతుంది. స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త సొస్యూర్ ఈ గుణాన్ని ఆధారం చేసుకునే 1783లో వెంట్రుకతో గాలిలో తేమను కొలిచే సాధనం గురించి రాశాడు. అంటే కౌస్ వచ్చిందని వాతావరణ శాఖ కంటే ముందు మన జుట్టే చెప్పగలదన్నమాట.

లక్క నుంచి బెటాడిన్ దాకా

జుట్టును నిలబెట్టడానికి పూర్వం వాడినవన్నీ ప్రకృతి ఇచ్చిన పాలిమర్లే. తుమ్మజిగురు, మెంతుల జిగురు, మందార ఆకు నలిపితే వచ్చే జిగట, ఇప్పుడు ఆడపిల్లలు ఇంట్లో కాచుకునే అవిసె గింజల జెల్ అన్నీ చక్కెర అణువుల గొలుసులు. ఇక్కడి అరబ్బు ఇళ్లలో తల కడుక్కునే సిద్ర్ ఆకు మన రేగు చెట్టు బంధువుదే. అందులోనూ అలాంటి జిగటే ఉంటుంది.

తొలినాటి హెయిర్ స్ప్రేలలో వాడినది లక్క. ఏటికొప్పాక బొమ్మలకు ఆ నునుపు తెచ్చే లక్కే. బొమ్మ మీద అందంగా ఉంటుంది గానీ తల మీద రాయిలా బిగుసుకునేది. నీళ్లతో కడిగితే ఓ పట్టాన వదిలేది కాదు.

ఆ ఇబ్బందిని తీర్చింది పాలీవినైల్ పైరోలిడోన్, పొట్టిగా పీవీపీ. 1930ల చివర్లో జర్మనీలో వాల్టర్ రెప్పె దీన్ని తయారుచేశాడు. రెండో ప్రపంచ యుద్ధంలో రక్తం పోయిన సైనికులకు ప్లాస్మా బదులుగా దీని ద్రావణం ఎక్కించారు. మన గాయాలకు పూసే బెటాడిన్‌లో అయోడిన్‌ను పట్టి ఉంచేది ఇదే. 1950ల్లో ఇది హెయిర్ స్ప్రేలోకి వచ్చింది. నీళ్లలో కరుగుతుంది, ఆరితే గాజులాంటి పొర కడుతుంది, తలస్నానంతో పోతుంది. అప్పటికి అంతకంటే మంచిది లేదు.

అయితే పీవీపీకి నీళ్లంటే మరీ ప్రేమ. పొడిగాలిలో దాని పొర పెళుసుగా మారి, దువ్వెన తగలగానే పగిలి రాలుతుంది. తేమగాలిలో నీటిని పీల్చుకుని మెత్తబడి బంక అవుతుంది. కువైట్‌లో ఈ రెండు పరిస్థితులూ ఒకే రోజున ఎదురవుతాయి. ఇంట్లో ఏసీ, వీధిలో ఉక్కపోత, బస్సులో మళ్లీ ఏసీ. చల్లటి దేశంలో చక్కగా పనిచేసిన జెల్ ఇక్కడ ఓడిపోవడానికి కారణం ఇదే.

పూసలు మార్చితే గుణం మారుతుంది

దీనికి రసాయన శాస్త్రవేత్తలు కనిపెట్టిన ఉపాయం, గొలుసులో రెండో రకం పూసలు గుచ్చడం. నీళ్లను ఇష్టపడే వినైల్ పైరోలిడోన్ మధ్యలో నీళ్లను అంతగా ఇష్టపడని వినైల్ ఎసిటేట్‌ను చేర్చారు. సీసా మీద 'వీపీ/వీఏ కోపాలిమర్' అని కనిపించేది ఇదే. ఇది తేమను తక్కువ పీలుస్తుంది, పొర కాస్త సాగుతుంది. తర్వాత అక్రిలేట్ కోపాలిమర్లు వచ్చాయి. వీటిలో ఆమ్ల గుణమున్న పూసలుంటాయి. వాటిలో కొన్నింటిని మాత్రమే క్షారంతో తటస్థపరుస్తారు. తక్కువ తటస్థపరిస్తే తేమకు గట్టిగా నిలుస్తుంది, తలస్నానంలో వదలడం కష్టం. ఎక్కువ తటస్థపరిస్తే సులువుగా కడిగేయొచ్చు, తేమకు మాత్రం లొంగిపోతుంది. మంచి స్ప్రే తయారీ అంతా ఈ తూకంలోనే ఉంది.

ఇంకో రకం పాలీక్వాటర్నియం. పక్కన 7, 10, 11 లాంటి అంకెలుంటాయి. వీటి గొలుసు మీద ధన విద్యుదావేశం ఉంటుంది. వెంట్రుక పైపొర మీద, అందులోనూ రంగులు, ఇస్త్రీలతో దెబ్బతిన్న చోట, రుణావేశం ఎక్కువ. అందుకే ఇవి సరిగ్గా అక్కడికే వెళ్లి అతుక్కుంటాయి. ఇదే పని చేసే మరో పదార్థం గోరుచిక్కుడు గింజల నుంచి వస్తుంది. షాంపూ సీసా మీద 'గ్వార్ హైడ్రాక్సీప్రొపైల్‌ట్రైమోనియం క్లోరైడ్' అన్న నోరు తిరగని పేరు చూసి భయపడొద్దు. మనం వేపుడు చేసుకునే గోరుచిక్కుడు గింజలోని జిగురునే కాస్త మార్చి అలా పిలుస్తున్నారు.

కొత్త పాలిమర్ నిలుస్తుందో లేదో తేల్చే పరీక్ష చాలా సాదాగా ఉంటుంది. ఒకే పొడవున్న వెంట్రుకల కుచ్చులకు ద్రావణం పట్టించి, కడ్డీకి చుట్టి ఆరబెడతారు. ఆ ఉంగరాలను 90 శాతం దాకా తేమ ఉన్న పెట్టెలో వేలాడదీసి, గంట గంటకూ ఎంత జారాయో కొలుస్తారు. ఎంత తక్కువ జారితే అంత మంచిది. తర్వాత దువ్వి చూసి, రాలిన పొట్టును పరిశీలిస్తారు. గట్టిగా పట్టాలి, పొట్టు రాలకూడదు, కడిగితే పోవాలి. ఈ మూడూ ఒకదానితో ఒకటి గొడవపడే కోరికలే. డెబ్భై ఏళ్లుగా పరిశోధన ఆగకపోవడానికి కారణం అదే.

అంగట్లో చూడాల్సినవి

దుకాణానికి వచ్చేవాళ్లకు నేను చెప్పేవి ఇవి. పదార్థాల జాబితాలో ముందున్నది ఎక్కువ, వెనకున్నది తక్కువ. ఫిక్సింగ్ పాలిమర్ పీవీపీ ఒక్కటే అయితే అది ఏసీ ఆఫీసుకు చాలు, బయట తిరిగేవాళ్లకు చాలదు. వీపీ/వీఏ గానీ అక్రిలేట్స్ కోపాలిమర్ గానీ ఉంటే తేమ రోజుల్లో నయం. గ్లిజరిన్ ముందు వరసలో ఉన్న జెల్ పొడిరోజుల్లో పొర పెళుసెక్కకుండా చూస్తుంది. కౌస్ రోజుల్లో అదే తేమను లాగి బంక చేస్తుంది.

జెల్‌ను చిక్కగా నిలిపేది చాలావరకు కార్బోమర్. దానికి ఉప్పు పడదు. జెల్ చుక్క మీద చిటికెడు ఉప్పు వేసి చూడండి, నీళ్లలా జారిపోతుంది. చెమటలో ఉన్నదీ ఉప్పే. ఎండలో పనిచేసేవాళ్ల నుదుటి మీదికి జెల్ కారడంలో దాని పాత్రా ఉంటుంది.

కొబ్బరినూనె రాసుకుని దానిమీద జెల్ పెట్టడం మనవాళ్ల అలవాటు. నూనె పొర మీద పాలిమర్ పట్టు దొరకదు. నూనె రాత్రికి, జెల్ పగటికి అనుకోవడం మేలు. కడగకుండా వదిలేసే కండిషనర్ వాడేవాళ్లు దాన్నీ, జెల్‌నూ చెరో చుక్క అరచేతిలో కలిపి రుద్ది చూడాలి. తెల్లటి నలకలు కట్టాయంటే రెండింటి విద్యుదావేశాలూ ఎదురెదురుగా ఉన్నట్టే. తల మీదా అదే జరుగుతుంది. ఆ జోడీ వద్దు.

స్ప్రే డబ్బా విషయంలో జాగ్రత్త తప్పనిసరి. అందులో మండే స్వభావమున్న ఆల్కహాలు, వాయువు ఉంటాయి. 50 డిగ్రీలకు మించిన వేడిలో పెట్టొద్దని డబ్బా మీదే రాసి ఉంటుంది. కువైట్‌లోని మిత్రిబాలో 2016 జులైలో నీడలోనే 53.9 డిగ్రీలు నమోదైంది. ఎండలో ఆపిన కారు లోపల అంతకంటే ఎక్కువే ఉంటుంది. డ్యాష్‌బోర్డు మీద స్ప్రే డబ్బా వదిలి దుకాణాల్లోకి వెళ్లడం ప్రమాదంతో చెలగాటమే.

పొగ వచ్చే 'కెరాటిన్'

ఇక అన్నిటికంటే ముఖ్యమైన మాట. పార్లర్లలో 'కెరాటిన్ ట్రీట్‌మెంట్' పేరుతో జరిగే స్ట్రెయిటెనింగ్ జెల్, స్ప్రేల్లా పైపూత కాదు. కొన్ని ద్రావణాల్లో అసలు పని చేసేది ఫార్మల్‌డిహైడ్. అది వెంట్రుకలోని గొలుసుల మధ్య కొత్త ముడులు వేస్తుంది. ద్రావణం పట్టించి 230 డిగ్రీల ఇస్త్రీతో లాగినప్పుడు లేచే పొగలో అది ఉంటుంది. కళ్లు మండటం, ముక్కు కారడం, దగ్గు తక్షణ లక్షణాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కేన్సర్ పరిశోధన సంస్థ ఫార్మల్‌డిహైడ్‌ను 2004లోనే మనుషుల్లో కేన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది.

'ఫార్మల్‌డిహైడ్ లేదు' అన్న ముద్రను చూసి నిశ్చింతగా ఉండటానికి లేదు. అలాంటి ముద్ర ఉన్న సరుకులోనూ అది దొరుకుతోందని అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా 2011లో హెచ్చరించింది. మిథిలీన్ గ్లైకాల్, ఫార్మాలిన్, మిథనల్ లాంటి పేర్లలో ఏది ఉన్నా పొగలో వచ్చేది ఫార్మల్‌డిహైడే. దాని బదులుగా వచ్చిన గ్లైఆక్సిలిక్ ఆమ్లమూ నిరపాయం కాదు. స్ట్రెయిటెనింగ్ చేయించుకున్న మూడుసార్లూ మూత్రపిండాలు దెబ్బతిన్న 26 ఏళ్ల యువతి ఉదంతం 2024లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. ఆమెకు వాడిన క్రీములో ఉన్నది ఈ ఆమ్లమే.

చేయించుకునేవాళ్లు ఏడాదికి ఒకటి రెండుసార్లు ఆ పొగ పీలుస్తారు. చేసేవాళ్లు వారానికి ఎన్నిసార్లో లెక్కలేదు. ఒక అక్క నాతో అంది, "సాయంత్రానికి కళ్లు ఉల్లిపాయలు కోసినట్టు ఉంటాయండి. ఏసీ చల్లదనం పోతుందని తలుపు తెరవనివ్వరండి." సర్జికల్ మాస్కు దుమ్మును ఆపుతుంది గానీ ఈ వాయువును ఆపదు. పొగను బయటికి లాగే ఫ్యాను ఉండాలి. తలుపో కిటికీయో తెరిచి ఉండాలి. ఇస్త్రీ వేడి తగ్గించాలి. చేతికి తొడుగులు ఉండాలి.

ఉద్యోగం పోతుందన్న భయంతో ఈ సంగతి యజమాని దగ్గర ఎత్తలేని వాళ్లు ఎందరో ఉన్నారని నాకు తెలుసు. వాళ్ల తరఫున అడగగలిగింది కస్టమరే. కుర్చీలో కూర్చునే ముందు సీసా చూపించమనండి, పేర్లు చదవండి, ఫ్యాను వేయమనండి. డబ్బిచ్చే మనిషి అడిగితే తలుపు తెరుచుకుంటుంది. పెళ్లికో ఉగాది వేడుకకో ఒక్క పూట జుట్టు నిలవాలంటే మంచి కోపాలిమర్ ఉన్న స్ప్రే చాలు. రాత్రికి తలస్నానం చేస్తే అది నీళ్లతోపాటు పోతుంది. ఎవరి ఊపిరితిత్తుల్లోనూ మిగలని అందాన్ని ఎంచుకునే వీలు మన చేతిలోనే ఉంది.