అపార్థీడ్: వివక్ష అంటే సరిపోదు

దక్షిణాఫ్రికా ప్రస్తావన వస్తే మన పత్రికలు అపార్థీడ్‌ను ‘వర్ణవివక్ష’ అని రాస్తాయి. తప్పు కాదు గానీ, ఆ మాట చాలదు. ఒంటి రంగు చూసి మనిషిని చిన్నచూపు చూడటం ఎక్కడైనా ఉంది. ఎవరు ఏ జాతో సర్కారే తేల్చి, ఎవరెక్కడ ఉండాలో, ఎవరిని పెళ్లాడకూడదో చట్టం రాసిపెట్టడం అపార్థీడ్.

ఆఫ్రికాన్స్ భాషలో దానికి ‘వేరుగా ఉండటం’ అని అర్థం. వినడానికి ఎంత మెత్తని మాటో! 1948 ఎన్నికల్లో మలాన్ నాయకత్వంలోని నేషనల్ పార్టీ దాన్నే నినాదం చేసుకుని గద్దెనెక్కింది. మరుసటి ఏడే తెల్లవారికీ ఇతరులకూ మధ్య పెళ్లిళ్లు నిషేధించారు. 1950లో జనాన్ని జాతుల వారీగా నమోదు చేసే చట్టం వచ్చింది. అనుమానం వస్తే జుట్టులో పెన్సిల్ దూర్చి చూసేవారు. జారిపడితే తెల్లవారు, చిక్కుకుంటే కాదు! ఒక తల్లి పిల్లలే వేర్వేరు జాతులుగా నమోదైన ఇళ్లున్నాయి.

ఏ జాతి ఎక్కడ ఉండాలో తేల్చే గ్రూప్ ఏరియాస్ చట్టం కూడా అదే ఏడాదిది. అది మన గుమ్మంలోకే వచ్చింది. 1860 నుంచి మద్రాసు రేవులో ఓడెక్కి నాటాల్ చెరకు తోటలకు వెళ్లిన ఒప్పంద కూలీల్లో తెలుగువాళ్లు ఎందరో. ఒప్పందం తీరాక అక్కడే ఉండిపోయిన భారతీయులు డర్బన్ పక్కన కేటో మేనర్‌లో కూరగాయలు పండించారు, ఇళ్లూ గుళ్లూ కట్టుకున్నారు. 1950ల్లో ఆ నేలను తెల్లవారికి కేటాయించారు. భారతీయుల్ని చాట్స్‌వర్త్ వంటి చోట్లకూ, అక్కడి ఆఫ్రికన్లను క్వామాషు, ఉమ్లాజీలకూ తరలించారు. ఇళ్లు నేలమట్టమయ్యాయి. కొన్ని గుళ్లు మాత్రం ఖాళీ నేల మధ్య మిగిలాయి. దేవుణ్ని కదపలేక వదిలేసిన వాళ్లు, కొలిచేవాళ్లను మాత్రం కదిలించారు.

అపార్థీడ్ అన్న పేరు చెడ్డాక పాలకులు మాట మార్చారు. ‘వేర్వేరు అభివృద్ధి’ అన్నారు. ప్రధాని వెర్‌వూర్ట్ అయితే దాన్ని మంచి ఇరుగుపొరుగుతనంగా వర్ణించాడు. లోకం మాత్రం పాత పేరునే పట్టుకుంది, అది మంచిదైంది. 1973లో ఐక్యరాజ్యసమితి ఒడంబడిక అపార్థీడ్‌ను నేరంగా ప్రకటించింది. అంతర్జాతీయ నేర న్యాయస్థానానికి పునాది అయిన 1998 నాటి రోమ్ శాసనం దాన్ని మానవాళిపై నేరాల్లో చేర్చింది. ఒక జాతి మరో జాతిని వ్యవస్థీకృతంగా అణచివేసే పాలనలో, ఆ పాలనను నిలుపుకోవడానికి చేసే అమానుష కృత్యాలని దాని నిర్వచనం. అందులో దక్షిణాఫ్రికా పేరు లేదు. ఏ దేశం గురించి ఈ మాట వాడినా ఇప్పుడు వాదన ఆ నిర్వచనం మీదే నడుస్తుంది.