నోరున్న చిమ్మట, నోరులేని చిమ్మట



బరంపురం బడా బజారులో పట్టుచీర బేరమాడిన వారిని ఒక మాట అడుగుతాను. ఆ పట్టు ఇచ్చిన ప్రాణి ఏం తింటుంది? ‘మల్బరీ ఆకు’ అంటారు. నిజమే, పురుగుగా ఉన్నంతకాలం అదే దాని తిండి. గూట్లోంచి రెక్కలతో చిమ్మటై బయటికి వచ్చాక మాత్రం అది ఏమీ తినదు. దాని నోరు పనికిరాకుండా కుదించుకుపోయింది. పురుగుగా దాచుకున్న బలంతోనే జతకట్టి, గుడ్లు పెట్టి, కొద్ది రోజుల్లో కన్నుమూస్తుంది.

మిగతా చిమ్మటల్లో చాలావాటికి గడియారం స్ప్రింగులా చుట్టుకుని ఉండే తొండం ఉంటుంది. దాన్ని చాచి పూలలో తేనె పీలుస్తాయి. మరి తొండం రాకముందు చిమ్మటలు ఎలా తినేవి?

ఈ ప్రశ్నకు జవాబు వెతుకుతూ బర్మా వెళ్దాం. ఒకప్పుడు మన గంజాం వాళ్లు గోపాలపురం రేవులో ఓడెక్కి కూలికి ‘రంగం’ పోయేవారు. ఆ దేశానికి ఉత్తరాన హుకాంగ్ లోయలో అంబరు దొరుకుతుంది. పూసలు చేసే ఈ పసుపుపచ్చ వస్తువు చూడడానికి రాయిలా ఉన్నా రాయి కాదు. మనం ధూపం వేసే గుగ్గిలం లాగే చెట్టు కార్చిన జిగురు. భూమిలో యుగాలపాటు ఉండి గట్టిపడింది. కారేటప్పుడు అందులో చిక్కిన పురుగులు అలాగే నిలిచిపోయాయి. అలా చిక్కిన ఒక చిన్న చిమ్మటను 1919లో కాకరెల్ అనే శాస్త్రవేత్త వర్ణించారు. ఇప్పుడు దాన్ని సబాటింకా పెర్వెటా అంటున్నారు. అక్కడి అంబరు వయసు సుమారు 9 కోట్ల 90 లక్షల ఏళ్లని 2012లో లెక్క తేలింది. ఆ జాతి ఏనాడో అంతరించింది.

అయితే అంబరు ఒళ్లు చూపిస్తుంది గాని, బతుకు చెప్పదు. అది చెప్పవలసింది బతికున్న చుట్టాలే. సబాటింకా చిమ్మటలు నేటికీ న్యూజిలాండ్‌లో, న్యూ కాలెడోనియాలో ఉన్నాయి. బియ్యపు గింజంత ఉంటాయి. వాటికి తొండం లేదు, నమిలే దవడలున్నాయి! పువ్వుల పుప్పొడిని, ఫెర్న్ ఆకుల అడుగున ఉండే పొడిని నమిలి తింటాయి. వాటి పిల్ల పురుగులు తడినేల మీద నాచులా పరుచుకునే మొక్కలను మేస్తాయి. చిమ్మటల తొలి నోరు దవడల నోరేనని ఇలాంటి వాటిని చూసే శాస్త్రజ్ఞులు గ్రహించారు.

పట్టుచిమ్మటను మనిషి సాకుతున్నాడు. మనం ఆకు వెయ్యకపోతే దాని వంశం నిలవదు. ఈ దవడల చుట్టాన్ని ఎవరూ సాకరు. దానికి కావలసిందల్లా తడి ఆరని అడవి మూల. ఆ మూల ఎండిపోతే మనకు మిగిలేది అంబరులోని ఒళ్లే. ఏం తిని బతికావని దాన్ని అడిగితే బదులు చెప్పదు.