బొమ్మ వెంట పుస్తకము

ఉదయమున గ్రంథాలయపు తలుపు తెరచిన వెంటనే వచ్చువారు దినపత్రికల కొరకు వచ్చు పెద్దలు. వారి వెనుక పోటీ పరీక్షలకు చదువుకొను యువకులు వచ్చెదరు. సాయంకాలము బడి విడిచిన తరువాత చిన్నపిల్లలు బొమ్మల కథలకై వచ్చిపోవుదురు. ఎనిమిదవ తరగతి మొదలు ఇంటర్మీడియట్ వరకు చదువు బాలబాలికలు మాత్రము అరుదుగా కనబడుదురు. పల్లెయందైనను పట్టణమందైనను గ్రంథపాలకులు ఎరిగిన సంగతియే ఇది. ఆ వయస్సువారికి తీరిక లేదనుట సగమే నిజము. దొరికిన కొద్ది తీరికలో వారి చూపు చేతి ఫోనుపై నుండును. ఫోనునందును అక్షరముకంటె ఛాయాచిత్రముపై నుండును. 2010 అక్టోబరులో అమెరికాలో పుట్టిన ఇన్‌స్టాగ్రామ్ అను చిత్రవేదిక నేడు అనంతపురము మెట్టసీమలోని యాడికి వంటి ఊళ్ళ పిల్లలకును కొత్తది కాదు.

ఈ వేదికను తిట్టి ఊరకుండుట సులభము. గ్రంథాలయోద్యమ చరిత్ర నెరిగినవారు అట్లు చేయజాలరు. ఆంధ్రదేశమున ఆ ఉద్యమము పాఠకుడు వచ్చువరకు వేచి కూర్చున్నది కాదు. 1914 ఏప్రిల్ 10వ తేదీన బెజవాడలో, అయ్యంకి వెంకటరమణయ్యగారి పూనికతో, చిలకమర్తి లక్ష్మీనరసింహంగారి అధ్యక్షతన ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల తొలి మహాసభ జరిగినది. 1935లో పాతూరి నాగభూషణంగారు గుంటూరు ప్రాంతపు పెదపాలెము కేంద్రముగా కృష్ణా కాలువపై పడవలో పుస్తకములు పంపిరి. ఆనాడు డెల్టా జనుల రాకపోకలు పడవలమీద సాగెడివి గనుక పుస్తకమును పడవ ఎక్కెను. జనులున్న చోటికి పుస్తకము పోవలెనను బుద్ధి అందు ముఖ్యము గాని పడవ కాదు.

యాడికి ప్రాంతమున అట్టి పడవ కాలువలు లేవు. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు జిల్లా ఇది. నైరుతి మేఘములను పడమటి కనుమలు అడ్డగించును. ఈశాన్య ఋతుపవనము తూర్పు తీరమున కురిసి, ఇచటికి వచ్చుసరికి చిక్కిపోవును. ఇచటి పిల్లలు గుమిగూడు రేవు ఫోనులోనే యున్నది. పుస్తకము ఆ రేవునకు పోవలెను.

ఎట్లు పోవలెననుటయే చిక్కు. పెక్కు సంస్థలు ఈ చిత్రవేదికను ప్రకటనల పలకగా వాడుకొనుచున్నవి. కొత్త పుస్తకములు వచ్చినవి, వారోత్సవములు జరిగినవి, ముఖ్య అతిథికి శాలువ కప్పితిమి — ఇట్టి చిత్రములను పదునైదేండ్ల బాలుడు చూడడు. శాలువ కప్పించుకొన్నవారు చూతురేమో! తన యీడువాడు చేసినదానిని, తాను సయితము చేయదగినదానిని ఆ బాలుడు చూచును. కనుక గ్రంథాలయము తాను చిత్రములు చూపుటకంటె పిల్లలచేత చిత్రములు తీయించుట మేలు.

ఇతర దేశముల గ్రంథాలయములు ఈ సంగతిని కొంత ముందుగనే కనిపెట్టినవి. 2014 ప్రాంతమున న్యూయార్కు ప్రజా గ్రంథాలయము ‘బుక్‌ఫేస్’ అను వినోదమును ప్రచారమునకు తెచ్చినది. అట్టపై మనుష్యుని ముఖమున్న పుస్తకమును తన ముఖమునకు అడ్డముగా పట్టుకొని, బొమ్మలోని తలయు తన మెడయు ఒకటిగా కలిసిపోవునట్లు ఫోటో తీయించుకొనుటయే ఈ ఆట. చూచుటకు చిల్లరగా తోచును. కాని తన భుజములకు తగిన ముఖమున్న అట్ట దొరకవలెనన్నచో పిల్లవాడు బీరువాలోని పుస్తకములను ఒకటొకటిగా తీసి చూడవలెను. ఎన్నడును చేయి తగులని పుస్తకములు ఆ వెదకులాటలో బయటపడును. ప్రతి పుస్తకమునకు దాని పాఠకుని వెదకి పెట్టవలెనని 1931లో రంగనాథన్‌గారు చెప్పిన సూత్రము ఆటరూపమున నడచినట్లే. అదే గ్రంథాలయము 2018 ఆగస్టులో పూర్తి నవలలనే ఇన్‌స్టాగ్రామ్‌లో పుటలుగా అమర్చినది. మొదటిది ఆలిస్ అద్భుతలోకపు కథ. బొటనవ్రేలు తెరపై ఆనించి యుంచిన పుట నిలుచును, తీసిన తరువాతి పుట వచ్చును. అందమైన పనియే గాని, చిత్రకారులును ధనమును ఉన్నచోట సాగునది.

యాడికి వంటి ఊరికి పనికివచ్చు మేలుబంతి వేరొకటి కలదు. 2008 జనవరిలో అమెరికా దేశపు కాంగ్రెసు గ్రంథాలయము తన వద్దనున్న పాత ఛాయాచిత్రములను మూడు వేలకు పైగా ఫ్లికర్ అను చిత్రవేదికపై ఉంచి, వీనిలో ఎవరున్నారో, ఇది ఏ చోటో తెలిసినవారు చెప్పుడని ప్రజలనే అడిగినది. ప్రజలు పేర్లు చెప్పిరి, వీధులు గుర్తించిరి. గ్రంథాలయమువారు ఆ మాటలను పరిశీలించి, సరియైనవానిని తమ పట్టికలలో చేర్చుకొనిరి. ఇచట చిత్రము పిలుపు మాత్రమే. దాని క్రింద వ్రాయబడిన మాటయే ఫలము.

ఈ సూత్రమును మెట్టసీమకు తెచ్చి చూడవచ్చును. పశువుల కొట్టము మూలను ఆనించియున్న గొర్రును ఒక బాలిక ఫోటో తీసినదనుకొందము. ట్రాక్టరు వచ్చిన తరువాత పుట్టిన పిల్ల. ఆ పనిముట్టు పేరే ఆమెకు తెలియకపోవచ్చును. చిత్రము క్రింద నాలుగు వాక్యములు వ్రాయవలెనని గ్రంథాలయము నియమము పెట్టినచో, ఆమె ఇంటిలోని అవ్వను అడుగక తప్పదు. విత్తనములు పోయు గిన్నె జడ్డిగమనియు, అందుండి వెదురు గొట్టముల గుండ విత్తు చాళ్ళలో పడుననియు అవ్వ చెప్పును. అప్పుడు గ్రంథపాలకుడు ఆమె చేతికి ఒక పుస్తకమును అందింపవలెను: భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో ప్రకటించిన మాండలిక వృత్తిపదకోశము మొదటి సంపుటము. వ్యవసాయ పదములను రైతులవద్దకు పోయి, అడిగి, సేకరించి కూర్చిన గ్రంథమది. చేనేత పదముల సంపుటము 1971లో వచ్చినది. ఆ సంపుటము శాఖా గ్రంథాలయమున లేనిచో జిల్లా కేంద్రమునుండి తెప్పింపవలెను. తన అవ్వ చెప్పిన మాట అచ్చులో కనబడినపుడు ఆ బాలికకు కలుగు ఆశ్చర్యము సామాన్యము కాదు. కనబడకపోయినచో మరింత మేలు, పెద్ద పండితులు విడిచిన మాట ఒకటి ఆమెకు దొరికినది!

యాడికి మండలములోని కోన ఉప్పలపాడు చెంత సున్నపురాతి గుహలు కలవు. వాని చిత్రములు పిల్లలను తప్పక ఆకర్షించును. పైనుండి వ్రేలాడు ఆ రాతి ఊడలు ఎట్లు ఏర్పడినవను ప్రశ్న చిత్రముతోనే పుట్టును. గాలిలోను నేలలోను ఉన్న బొగ్గుపులుసు వాయువును కలుపుకొనిన వాననీరు సున్నపురాతిని కరగించును; ఆ నీరు బొట్టుబొట్టుగా జారుచు, కరగిన సున్నపు పదార్థమును కొంచెము కొంచెముగా విడిచిపోవును. వానకై ఎదురుచూచు ఈ గడ్డలో నేలక్రింది మేడలను కట్టినది నీరే యని తెలిసికొన్న విద్యార్థి భూగోళ పాఠమును మరువడు. సమీపమున నంద్యాల జిల్లాలోని బెలుము గుహల ముచ్చటయు ఇట్లే చెప్పవచ్చును. వానిని 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ పేర్కొనెను. 1982 మొదలు 1984 వరకు జర్మనీ అన్వేషకులు కొలిచిరి. వాని పొడవు 3,229 మీటర్లు. చూచినవారెందరున్నను, వ్రాసి పెట్టినవాని వలననే అవి లోకమునకు తెలిసినవి. (పిల్లలు ఫోటోల మోజులో పెద్దల తోడు లేక గుహలలో దిగరాదని వేరుగ చెప్పనక్కరలేదు.)

పాత చిత్రములు ఇండ్లలో నున్నవి. బడిలో తరగతి అంతయు వరుసగా నిలిచి తీయించుకొన్నవి, పెండ్లివి, కరువు పనులనాటివి. 1950ల తొలి సంవత్సరములలో రాయలసీమను పీడించిన కరువున గంజి కేంద్రములు నడచినవి. ఆ గంజి త్రాగిన బాలురు నేడు ఎనుబదేండ్లు దాటినవారు. వారి జ్ఞాపకమును అడిగి వ్రాసికొనుటకు మిగిలిన కాలము మిక్కిలి తక్కువ. ఈ పనికి పెద్ద విద్వాంసులకంటె మనుమలే తగినవారు. తాతలు వారికి విసుగక చెప్పుదురు. ఇట్లు పోగైన చిత్రములలో ఊరిని చూపునవి వికీమీడియా కామన్స్ అను స్వేచ్ఛాభండారమున ఉంచినచో, 2003లో ఆరంభమైన తెలుగు వికీపీడియాలోని గ్రామముల పుటలకును ఉపకరించును.

ఇక భయము సంగతి. తల్లిదండ్రులకు, ముఖ్యముగా ఆడపిల్లల తల్లిదండ్రులకు, ఫోటో అనగనే గుండె జారును. ఆ భయము వట్టిది కాదు. ఇన్‌స్టాగ్రామ్ పదమూడేండ్లు నిండనివారిని చేర్చుకొనరాదని తన నియమములలోనే చెప్పుకొన్నది. 2024లో కౌమారవయస్కుల ఖాతాలను అపరిచితులకు మూయు ఏర్పాటు చేసినది. ఆస్ట్రేలియా 2025 డిసెంబరు 10 నుండి పదునారేండ్ల లోపువారికి ఇట్టి వేదికలనే నిషేధించినది. భారతదేశపు 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టము పదునెనిమిదేండ్లు నిండనివారి సమాచారము వాడుటకు తల్లిదండ్రుల అనుమతి కావలెనని నిర్దేశించినది. కనుక పిల్లలచేత ఖాతాలు తెరపింపరాదు. ఖాతా గ్రంథాలయముదే, తాళము గ్రంథపాలకునివద్దనో ఉపాధ్యాయునివద్దనో ఉండవలెను. పిల్లల ముఖములు, బడి దుస్తులు, ఇంటి గుమ్మములు కనబడరాదు. ఫోను చిత్రములో తీసిన చోటును గుర్తుగా దాచుకొనును. ఆ గుర్తును ముందే ఆపివేయవలెను. పుస్తకముతో ముఖము కప్పుకొను ఆటలో ఈ విషయమున ఒక సుగుణము కలదు: ఫోటోలో పిల్ల యున్నది, ముఖము లేదు.

పుస్తకముల విషయమునను హద్దు పాటింపవలెను. రచయిత గతించిన తరువాత అరువదేండ్ల వరకు గ్రంథస్వామ్యము నిలుచును. తరిమెలలో పుట్టిన విద్వాన్ విశ్వంగారు 1987లో గతించిరి. వారి పెన్నేటి పాట అట్టను చూపి పిల్లలను పిలువవచ్చును. పుటలన్నిటిని ఫోటో తీసి పంచరాదు. పుటలకొరకు గ్రంథాలయమునకు రానిండు!

ఎందరు మెచ్చిరో చూపు ఎఱ్ఱ హృదయపు గుర్తులను లెక్కించి మురియుట ఈ వేదికలు నేర్పు దురభ్యాసము. గ్రంథపాలకుడు చూడవలసినది ఎరువు పుస్తకముల చిట్టా. చిత్రము పెట్టిన వారమున ఆ విషయముపై ఎన్ని పుస్తకములు బీరువా వదలినవి? వేయిమంది మెచ్చి ఒక్కడును రానిచో ఆ చిత్రము వ్యర్థము. ఇరువదిమంది చూచి ముగ్గురు వచ్చినచో చాలును.

ఫోను లేని పిల్లలను మరువరాదు. ఒకే ఫోను తండ్రి జేబులో పొలమునకు పోవు ఇండ్లు పెక్కు కలవు. ఉన్నచోటను అది అన్నకు దొరకినంతగా చెల్లెలికి దొరకదు. గ్రంథాలయమునకు ఒక ఫోను ఉండి, వారమునకొక సాయంకాలము దానితో నలుగురైదుగురు పిల్లలు ఊరిలోనికి పోవు ఏర్పాటు మేలు. తీసిన చిత్రములను అచ్చుతీసి, దినపత్రికల బల్లకు ఎదుటి గోడపై, క్రింద వ్యాఖ్యకు చోటు విడిచి అంటింపవలెను. నవంబరు 14 నుండి 20 వరకు జరుగు గ్రంథాలయ వారోత్సవములలో దీనిని మొదలిడవచ్చును. ఫోను ముట్టని ఒక అవ్వ ఆ గోడవద్ద నిలిచి, “ఇది గుంటక కాదు నాయనా, దంతె” అన్నచో, ఆ దిద్దుబాటును పిల్లవాడు పెన్సిలుతో క్రింద వ్రాసి, సాయంకాలము చిత్రవేదికపైని మాటను మార్చును.