బడి గంట కొట్టాక అబ్బాయిలు ఎక్కడుంటున్నారు? గుణదల నుంచి చికాగో దాకా ఒకటే ప్రశ్న!

సాయంత్రం బడి వదిలేశారు. అమ్మానాన్న పని నుంచి వచ్చేసరికి ఏడో, ఎనిమిదో అవుతుంది. ఈలోగా 14 ఏళ్ల అబ్బాయి ఎక్కడ, ఎవరితో ఉంటాడు? ఆడపిల్ల ఆలస్యమైతే పది ఫోన్లు వెళ్తాయి. మగపిల్లాడైతే ‘వాడే వస్తాడులే’ అంటారు. అసలు సమస్య మొదలయ్యేది అక్కడే.

గుణదల అనగానే మేరీమాత కొండ, ఫిబ్రవరి ఉత్సవాలు గుర్తొస్తాయి. కానీ ఆ కథ మొదలైంది ఓ అనాథాశ్రమంతో. 1924లో సెయింట్ జోసెఫ్ అనాథాశ్రమానికి తొలి రెక్టర్‌గా వచ్చిన ఫాదర్ ఆర్లాటి, అదే ఏడాది కొండ గుహలో మాత విగ్రహం పెట్టారు.

1989లో విజయవాడలోనే డాన్ బాస్కో సభ వాళ్లు వీధి బాలల కోసం నవజీవన్ బాల భవన్ మొదలుపెట్టారు. చెన్నై, హైదరాబాద్, విశాఖ లైన్లు కలిసే జంక్షన్ కదా, ఇంట్లో గొడవపడి రైలెక్కిన పిల్లలు చాలామంది దిగేది ఇక్కడే. అలాంటి పిల్లాడి చేతిలో ముందే పుస్తకం పెడితే పారిపోతాడు. అన్నం, స్నానం, పడుకోడానికి చోటు, కాస్త ఆట. బడా, చేతిపనా, ఇంటికి పంపడమా అన్నది ఆ తర్వాత మాట. ప్లాట్‌ఫామ్ మీద రోజూ ‘దొంగపిల్లోడు’ అనిపించుకున్నవాడు చివరికి అదే తన పేరనుకుంటాడు. దాన్ని చెరపడానికే ఎక్కువ టైమ్ పడుతుంది.

అమెరికాలో నల్లజాతి అబ్బాయిలదీ దాదాపు ఇదే బాధ. తప్పు చేయకముందే అనుమానం. చికాగోలో 2001లో మొదలైన ‘బికమింగ్ ఎ మ్యాన్’ ప్రోగ్రాంలో ఒక ఆట ఉంది. ఒకడి గుప్పిట్లో బంతి, రెండోవాడు 30 సెకన్లలో దాన్ని తీసుకోవాలి. అందరూ లాగుతారు, గుంజుతారు, మెలిపెడతారు. ‘కాస్త ఇస్తావా?’ అని అడిగేవాళ్లు దాదాపు ఉండరు. తర్వాత కూర్చోబెట్టి, ఎందుకు అడగలేదో వాళ్లతోనే చెప్పిస్తారు.

ప్రోగ్రాం నడిచినన్నాళ్లూ హింస కేసుల్లో అరెస్టులు 45 నుంచి 50 శాతం తగ్గాయని చికాగో యూనివర్సిటీ పరిశోధకులు లెక్క తేల్చారు. కానీ మొదటి బ్యాచ్‌కి అది ఆగిపోగానే అరెస్టుల మీద ఆ ప్రభావం నిలవలేదు. పది రోజుల సమ్మర్ క్యాంపు పెట్టి ఫొటోలు దిగేవాళ్లు చూడాల్సిన లెక్క ఇది. అబ్బాయికి కావాల్సింది వచ్చే వారం కూడా అక్కడే కనిపించే అన్నయ్యో, మాస్టారో.

స్టేషన్‌లో ఒంటరిగా తిరిగే పిల్లాడు కనిపిస్తే 1098కి ఫోన్ చేయండి. 24 గంటలూ ఉచితం.