‘వాయిడ్’ అనగా శూన్యమేనా?

అనువాద పాఠము చెప్పు ఉపాధ్యాయులకు తరచుగా ఎదురగు చిక్కు ఒకటి కలదు. ఇంగ్లీషున ఎంప్టీ, వేకెంట్, వాయిడ్, వాక్యూమ్, హాలో, బ్లాంక్ అని వేరువేరు మాటలుండగా, విద్యార్థి వాని కన్నిటికిని ‘శూన్యము’ అను ఒక్క మాటనే వ్రాసి పని తీరినదనుకొనును. నిఘంటువు తిరుగవేసినను అది యతనిని వారింపదు; ప్రతి మాట యెదుటను ‘శూన్యము, ఖాళీ’ అను జంటయే కనబడుచుండును. కాని ఆ మాటలు ఒకదాని చోట మరియొకటి ఇమడవు.

వీనిలో ‘ఎంప్టీ’ పుట్టుక విచిత్రమైనది. ప్రాచీనాంగ్లమున దాని మూలరూపమునకు ‘తీరిక గల’ అని యర్థము. పనిలేని మనిషిని చెప్పిన మాట క్రమముగా ఏమియు లేని పాత్రను చెప్పుటకు వచ్చినది. లాటినులో ‘వాకారే’ అను క్రియకును ఖాళీగా నుండుట, తీరికగా నుండుట అను రెండర్థములును కలవు. సెలవులను వెకేషన్ అనుటయు, కొలువులోని ఖాళీని వేకెన్సీ అనుటయు దాని చలవయే. వాక్యూమ్ నేరుగా లాటినునుండియే రాగా, వాయిడ్ అదే కుదురునుండి ప్రాచీన ఫ్రెంచి మీదుగా చుట్టుతిరిగి వచ్చినది. ‘అవాయిడ్’ కూడ దీని బంధువే. తప్పించుకొనుట అని నేడు అందరెరిగిన ఆ క్రియకు తొలుత ఖాళీచేయుట అని యర్థము. తెలుగు వాడుకలో అరబ్బీనుండి వచ్చిన ‘ఖాళీ’ సైతము ఇట్టిదే: బియ్యపు డబ్బాయు ఖాళీయే, “సాయంత్రం ఖాళీయేనా?” అని మిత్రుడడిగినపుడు మనిషియు ఖాళీయే. ఎంత దూరపు భాషలు, ఎంత దగ్గర తలపు!

వాయిడ్ గట్టిగా పాతుకొన్న చోటు న్యాయస్థానము. 1872 నాటి భారత ఒప్పందముల చట్టము ప్రకారము, చట్టబలముచే అమలు జరిపింప వీలులేని ఒడంబడిక వాయిడ్. దాని ప్రక్కనే వాయిడబుల్ అను మాట పొంచియున్నది. బలవంతముచేతనో మోసముచేతనో ఒకరి సమ్మతి పొందినచో ఆ ఒప్పందము ఈ రెండవ తెగకు చేరును. మోసపోయినవాడు వలదన్నచో రద్దగును, ఊరకున్నచో చెల్లును. మైనరు చేసికొన్న ఒడంబడిక మాత్రము మొదటి తెగలోనిదే యని 1903లో మొహరీ బీబీ వ్యాజ్యమున ప్రీవీ కౌన్సిలు తేల్చినది.

1955 నాటి హిందూ వివాహ చట్టమునను ఈ భేదమే కలదు. 11వ సెక్షను వాయిడ్ వివాహములను, 12వ సెక్షను వాయిడబుల్ వివాహములను తెలుపును. మొదటి భార్య బ్రదికియుండగా, ఆ వివాహము రద్దు కాకయే, చేసికొన్న రెండవ పెండ్లి ఆదినుండియు చెల్లదు. సమ్మతిని మోసముతో పొంది చేసికొన్న పెండ్లి అట్లు కాదు. న్యాయస్థానము రద్దుచేయునంతవరకు అది పెండ్లియే. అనువాదకుడు రెండింటికిని ‘శూన్య వివాహము’ అని వ్రాసి ఊరకున్నచో, ఆ కాగితము పట్టుకొని నిలుచున్న స్త్రీకి తన స్థితి యేమో తెలియుటెట్లు? అంతకన్న కీడు మరియొకటి కలదు. పెండ్లియే శూన్యమన్నచో పుట్టిన బిడ్డలును చట్టము కంటికి లేనివారే యని భ్రమపడువారున్నారు. 1976 సవరణ తరువాత 16వ సెక్షను అట్టి బిడ్డలను ధర్మసంతానముగనే స్పష్టముగా ఎంచుచున్నది. ఇచట ‘చెల్లని’, ‘రద్దుచేయదగిన’ అను మాటలే మేలు. చెల్లని నాణెమేదో సంతకు వచ్చిన రైతుకు తెలియును; శూన్యపత్ర మేదో తెలియదు.

భౌతికశాస్త్రమున వాక్యూమ్ అనగా పదార్థమును తొలగించిన చోటు. 1643లో టారిచెల్లి పాదరసపు గొట్టమును తలక్రిందుచేసి నిలిపినపుడు, పాదరసము సుమారు 76 సెంటీమీటర్ల యెత్తున ఆగి, పైన కొంత చోటు విడిచినది. దానికి ‘శూన్యము’ తగిన మాటయే.

తత్త్వశాస్త్రమునకు వచ్చునప్పటికి ఆ మాటయే చిక్కు తెచ్చినది. ఆంధ్రదేశముతో సంబంధము కలవాడని సంప్రదాయము చెప్పు నాగార్జునాచార్యుని ‘శూన్యత’ను కొందరు పాశ్చాత్యులు వాయిడ్ అని అనువదింపగా, ఆయన ఏమియు లేదన్న నాస్తివాది యని చదువరులు తలచిరి. ఆయన చెప్పినది వస్తువులు లేవని కాదు; ఇతరమును ఆశ్రయింపక తమంత తాముండు స్వభావము వానికి లేదని. 1927లో రష్యా పండితుడు షెర్బాట్‌స్కీ ఈ మాటను ‘సాపేక్షత’ అని అనువదించుట ఈ అపార్థమును తప్పింపవలెననియే. అదియు పూర్తిగా అతికినదని చెప్పజాలము గాని, వాయిడ్ కంటె నయము.

ఇక ఇంటి భాష. ‘ఎంప్టీ స్టమక్’ అని మందుసీసాపై నున్నచో పలువురు ‘ఖాళీ కడుపుతో’ అని వ్రాయుదురు. పరగడుపున అను చక్కని మాట వారికి గుర్తురాదు. ఎంప్టీ ప్రామిస్ ‘శూన్య వాగ్దానము’ కాదు, వట్టిమాట. చుట్టపుచూపుగా వచ్చినవాడు ఉత్తచేతులతో వచ్చును గాని శూన్యహస్తములతో రాడు. వెదురు బోలు, పుచ్చిన కాయ డొల్ల. ఆప్తులు పోయిన యింట మిగులునది వెలితి. వాయిడ్ అను మాటను ఇంగ్లీషువారు ఆ దుఃఖమునకును వాడుదురు. అచట ‘శూన్యము’ తప్పు కాదు గాని, ‘వెలితి’ అన్నపుడు కుండలో తగ్గిన నీటిమట్టము కన్నులకు కట్టును.

వీనినన్నిటిని మించినది ఒకటి కలదు. డబ్బా అడుగంటినపుడు తెలుగింటి ఇల్లాలు బియ్యము అయిపోయినవని చెప్పదు. “బియ్యం నిండుకున్నాయి” అనును. లేమిని నోటితో పలుకుటకు జంకి, దానికి నిండుదనపు పేరు పెట్టినది. తెలుగు కథను ఇంగ్లీషులోనికి మార్చు విద్యార్థి ఈ వాక్యమును డబ్బా నిండా బియ్యమున్నవని వ్రాసినచో, ఆ పూట పొయ్యి వెలుగని సంసారము పాఠకునకు కలిగిన యిల్లుగా కనబడును. శూన్యమునుండి ప్రాకృతము మీదుగా వచ్చిన సున్నను సైతము బడిపిల్లలు ‘నిండుసున్న’ యనియే చదువుదురు. అరసున్నకు ప్రతిగా వచ్చిన పేరది. ఆ అరసున్న మాత్రము నేటి అచ్చులో దాదాపు కనబడుట లేదు.